ప్రాగ్ పాత పేటల్లో నడక: ఎక్కడ గైడ్ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

చెక్ దేశ రాజధాని ప్రాగ్ చూడడానికి వెళ్ళే తెలుగువారిలో చాలామంది చేతిలో ఉండేది రెండు రోజులే. జర్మనీలో చదువుకొంటున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు బెర్లిన్ నుంచో డ్రెస్డెన్ నుంచో శని, ఆదివారాలకు రైలెక్కి వస్తారు. వేసవిలో ఇంటినుంచి వచ్చిన తల్లిదండ్రులకు వియన్నాతో పాటు ఈ ఊరునూ చూపిద్దామని వచ్చేవారూ ఉంటారు. గైడుతో నడిచే యాత్రల కోసం వెతికితే పేర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి మూడు గంటల్లో ఊరంతా చూపిస్తానంటుంది, ఒకటి కోట చూపిస్తానంటుంది, ఒకటి యూదుల వాడ అంటుంది, ఇంకొకటి అసలు ఉచితమే అంటుంది. ధరల్లో తేడా ఉంటుంది గాని, ఆ తేడా దేనికోసమో చదివినవారికి అర్థం కాదు.

ఎన్ని చోట్లు చూపిస్తారు, రేటింగ్ ఎంత అన్న లెక్కలతో ఎంచుకొంటే పొరపాటు జరుగుతుందని ఈ ఊళ్ళో పలుమార్లు నడిచిన అనుభవంతో చెప్పగలను. ప్రాగ్‌లో కొన్ని పేటలు తమ కథను తామే చెప్పుకొంటాయి. వంతెన, కోట గోడ, తోట, ఎర్ర పెంకుల కప్పులు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చూడడానికి తీరిక ఉంటే చాలు, మనిషి తోడు అక్కర్లేదు. కొన్ని పేటల్లో మాత్రం అసలు విషయం కంటికి కనిపించదు. దుకాణాల వీధిలోనో, ట్రామ్ పట్టాల పక్కనో నిలబడి ఉంటాం, అక్కడ ఏం జరిగిందో ఎవరైనా చెబితే తప్ప తెలియదు. గైడుకు పెట్టే డబ్బును ఈ రెండో రకం పేటల మీద పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ముందు ఊరి అమరిక తెలియాలి. వల్తావా నదికి కుడి ఒడ్డున పాత పట్టణం, దానిలో కలిసిపోయినట్టుండే యూదుల వాడ యోసెఫోవ్, ఆ రెంటినీ చుట్టుకొని కొత్త పట్టణం ఉంటాయి. పేరుకు కొత్తదే గాని, రాజు నాలుగవ చార్లెస్ దానిని స్థాపించింది 1348లో. ఎడమ ఒడ్డున కొండ కింద మాలా స్త్రానా, కొండ మీద కోట ఉన్న హ్రద్చానీ. పాత పట్టణం, కొత్త పట్టణం, మాలా స్త్రానా, హ్రద్చానీ ఒకప్పుడు వేర్వేరు పట్టణాలు, 1784లో గాని ఒకే నగరం కాలేదు. యోసెఫోవ్ 1850లో చేరింది. ఈ చారిత్రక కేంద్రమంతా 1992లో యునెస్కో జాబితాకెక్కింది. వేర్వేరు పట్టణాలుగా పెరిగాయి కనుకనే ఒక్కొక్క దాని స్వభావం ఒక్కొక్క తీరుగా ఉంటుంది, అన్నిటినీ ఒకే నడకలో కట్టేయాలని చూసే యాత్ర దేనికీ న్యాయం చేయలేదు.

ఎంచుకొనే ముందు చూడవలసినవి

మొదటిది ఎత్తుపల్లాలు, కాలి కింద రాయి. పాత వీధులన్నీ రాళ్ళు పరిచినవే. కొన్నిచోట్ల ఆ రాళ్ళు గుండ్రంగా, పెద్దవిగా ఉంటాయి, చెక్ ప్రజలు వాటిని పిల్లి తలలు అంటారు. చెప్పులతో, పలుచటి అడుగు ఉన్న బూట్లతో గంటసేపు నడిస్తే మడమలు లాగేస్తాయి. వాన పడితే జారుతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి దూరం కంటే ఎక్కుడే పెద్ద పరీక్ష కనుక, యాత్ర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, మధ్యలో పైకి ఎక్కుతుందో కిందికి దిగుతుందో ముందుగా కనుక్కోవాలి.

రెండవది, లోపలికి తీసుకువెళ్తారా, బయటినుంచే చూపిస్తారా అన్నది. నడక యాత్రల ధరలో ప్రవేశ రుసుములు చాలాసార్లు కలవవు. కోట చూపిస్తామన్న యాత్ర ప్రాంగణాల్లో తిప్పి, కథ చెప్పి, చర్చి తలుపు దగ్గర వదిలిపెట్టడం అక్కడ మామూలే. అది మోసం కాదు, వివరణలో రాసే ఉంటుంది, చదవకపోవడం వల్లనే నిరాశ కలుగుతుంది.

మూడవది బృందం పరిమాణం, భాష. గైడులు ఎక్కువగా చెప్పేది ఇంగ్లీషులో. మీకు ఇంగ్లీషు వస్తే సరిపోదు, మీతో ఉన్నవారికి కూడా ఆ వేగంలో అందాలి. పాతికమంది ఉన్న గుంపులో మీరు మీ అమ్మగారికి తెలుగులో చెప్పేలోగా గైడ్ తరువాతి మలుపు తిరిగి ఉంటాడు.

నాలుగవది వారం, వేళ, కాలం. యోసెఫోవ్‌లోని ప్రార్థనాలయాలు, శ్మశానం చూపే యూదుల మ్యూజియం శనివారంనాడు మూసి ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే యాత్ర జూన్‌లో హాయిగా సాగుతుంది గాని, డిసెంబరులో చివరి భాగం చీకట్లోనే నడవాలి.

ఐదవది, పైన చెప్పినదే: ఆ పేట తన కథ తాను చెప్పుకోగలదా?

| నడక | ఎంతసేపు | ఎక్కుడు | గైడ్ అవసరం | ముందుగా చూసుకోవలసినది |
|---|---|---|---|---|
| పాత పట్టణం | రెండు గంటలు | లేదు | మధ్యస్థం | గుంపులు, ముఖ్యంగా గంట కొట్టే వేళ |
| యోసెఫోవ్ | మూడు గంటలు, లోపలికి వెళ్తే | లేదు | చాలా ఎక్కువ | శనివారం, యూదుల పండుగలు |
| చార్లెస్ వంతెన, మాలా స్త్రానా | రెండు, మూడు గంటలు | కొద్దిగా | తక్కువ | తెల్లవారుజామున వెళ్ళడం మేలు |
| హ్రద్చానీ, కోట | సగం రోజు | పైనుంచి దిగితే తక్కువ, కిందినుంచి ఎక్కితే చాలా | మధ్యస్థం | విడి టికెట్ |
| కొత్త పట్టణం | రెండున్నర గంటలు | దాదాపు లేదు | చాలా ఎక్కువ | గైడ్ చరిత్ర పరిజ్ఞానం |
| విషెహ్రాద్ | గంటన్నర | మెట్రో నుంచి వెళ్తే లేదు | అక్కర్లేదు | వెలుతురు ఉండగా వెళ్ళడం |

పాత పట్టణం

అందరూ మొదట చేరే చోటు ఇదే. చౌకులో టౌన్ హాలు గోడకున్న ఖగోళ గడియారం 1410 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు వరకు ప్రతి గంటకూ పైనున్న కిటికీలు తెరుచుకొని అపొస్తలుల బొమ్మలు ఒకటి వెంట ఒకటి కదులుతాయి. ఒక నిమిషంలోపు అయిపోయే ఆ దృశ్యం కోసం వందలమంది తలలెత్తి నిలబడతారు. జేబులు జాగ్రత్తగా చూసుకోవలసిన సమయం కూడా అదే. నిజానికి బొమ్మలకంటే గడియారపు ముఖమే గొప్పది. బయటి వలయంలోని పాత అంకెలు సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టే ఇరవైనాలుగు గంటలను చూపుతాయి. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించే పంచాంగం తెలిసిన మనకు ఈ ఊహ కొత్తది కాదు. రాశిచక్రంలో సూర్యచంద్రులు ఏ రాశిలో ఉన్నారో కూడా అది చూపిస్తుంది. పంచాంగం చూసే అలవాటున్న పెద్దవారిని అక్కడ నిలబెట్టి ఈ సంగతి చెప్పండి, బొమ్మలకంటే దానినే ఎక్కువసేపు చూస్తారు.

గైడ్ ఎలాంటివాడో తెలుసుకోవడానికి కూడా ఈ గడియారమే పనికివస్తుంది. ఇలాంటిది మరొకటి తయారు కాకూడదని నగర పెద్దలు దానిని చేసిన హనుష్ అనే పనివాడి కళ్ళు పొడిపించారని ఒక కథ ఉంది. తాజ్‌మహల్ కట్టినవారి చేతులు నరికించారని మనం విన్న కథకు ఇది తోబుట్టువు. గడియారం చేసినవాడు కదాన్ ఊరికి చెందిన మికులాష్ అని పరిశోధకులు తేల్చారు. ఆ కథ చెప్పి, అది కథేనని కూడా చెప్పే గైడ్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. కథను చరిత్రగా చెప్పి ముందుకు సాగేవాడు మిగతా చోట్ల చెప్పినదానిని కూడా ఒకసారి సరిచూసుకోవాలి.

టౌన్ హాలు పక్కన నేలమీద 27 తెల్లని సిలువ గుర్తులున్నాయి. 1620లో తెల్లకొండ యుద్ధంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి సేనల చేతిలో ఓడిన తరువాత, 1621 జూన్ 21న ఆ చోట 27 మంది బొహీమియా (నేటి చెక్ దేశపు పశ్చిమ భాగం) నాయకులకు మరణశిక్ష అమలు చేశారు. వారిలో పన్నెండుమంది తలలు చార్లెస్ వంతెన బురుజుకు పదేళ్ళపాటు వేలాడాయి. ఆ గుర్తులను తొక్కుకొంటూ రోజూ వేలమంది గడియారం వైపు పరుగెడతారు. గైడ్ ఒక్క నిమిషం ఆపి చెబితే గాని అవి కనిపించవు. అయినా ఈ పేటకు గైడ్ అవసరం మధ్యస్థమనే రాశాను, ఎందుకంటే ఇలాంటి చోట్లు ఇక్కడ నాలుగైదుకు మించవు, ముందురోజు రాత్రి అరగంట చదువుకొని వెళ్తే వాటిని మీరే గుర్తుపట్టగలరు. 1915లో నిలబెట్టిన మత సంస్కర్త యాన్ హుస్ విగ్రహం, ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే సమాధి ఉన్న టీన్ చర్చి కళ్ళెదుటే ఉంటాయి. టౌన్ హాలు బురుజుకు లిఫ్ట్ ఉంది కనుక మెట్లు ఎక్కలేనివారు కూడా పైనుంచి ఊరంతా చూడవచ్చు.

యోసెఫోవ్

గైడ్ కోసం డబ్బు ఒక్కచోటే పెట్టగలనంటే, నేను చూపించేది ఈ వాడనే. బయటినుంచి చూసినవారికి ఇక్కడ కనిపించేది పారీజ్‌స్కా వీధిలోని ఖరీదైన దుకాణాలు, అందమైన పెద్ద భవనాలు. శతాబ్దాలపాటు యూదులు కిక్కిరిసి బతికిన ఇరుకు సందులు ఇవేనా అనిపిస్తుంది. ఇవి కావు. 1893లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళ వ్యవధిలో ఆ పాత వాడను దాదాపు పూర్తిగా పడగొట్టి ఈ కొత్త వీధులు వేశారు. సినగోగులనే యూదుల ప్రార్థనాలయాలు కొన్ని, టౌన్ హాలు, శ్మశానం మాత్రం మిగిలాయి. వీధుల మట్టం పెంచారు గనుకనే 1270 ప్రాంతంలో కట్టిన పాత-కొత్త సినగోగ్‌లోకి ఈనాడు మెట్లు దిగి వెళ్ళాలి. యూరప్‌లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్న సినగోగులలో అదే అతి పాతది. లేని వాడను మనసులో మళ్ళీ కట్టుకొని నడవాలి. పుస్తకంతో అది కొంతవరకే సాధ్యం, మంచి గైడ్ ఉంటే మలుపు మలుపుకూ అది కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

పాత శ్మశానంలో పదిహేనవ శతాబ్దం నుంచి 1787 వరకు సమాధులు వెలిశాయి. స్థలం పెంచుకొనే అనుమతి లేక, మట్టి మీద మట్టి పోసి పొరలు పొరలుగా పూడ్చారు. దాదాపు 12,000 రాళ్ళు ఒకదానిమీద ఒకటి ఒరిగి నిలబడి ఉంటాయి. మట్టితో గోలెం అనే మనిషిని చేశాడని కథల్లో చెప్పుకొనే యూదుల మతగురువు రబ్బీ లోవ్ సమాధి ఇక్కడే ఉంది. శ్మశానానికి దారి పింకాస్ సినగోగ్ గుండా వెళ్తుంది. నాజీల చేతుల్లో చనిపోయిన బొహీమియా, మొరావియా యూదులు దాదాపు 80,000 మంది పేర్లు దాని లోపలి గోడలమీద చేతిరాతతో రాసి ఉన్నాయి. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలోని పిల్లలు వేసిన బొమ్మలుంటాయి. అక్కడ గైడ్ కూడా మాట్లాడకుండా ఉండాలి, మంచివారు ఉంటారు కూడా.

అందుకే యోసెఫోవ్ యాత్ర ఎంచుకొనేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: లోపలికి ప్రవేశం కలిసి ఉందా? పాత పట్టణంతో కలిపి యూదుల వాడను ఇరవై నిమిషాల్లో బయటినుంచి చూపించే యాత్రలు చాలా ఉన్నాయి. వాటిలో ఈ వాడ గురించి మీకు దక్కేది దుకాణాల వీధి, గోలెం కథ, అంతే. ప్రవేశం కలిసిన మూడు గంటల యాత్రకు ధర ఎక్కువే, కాని రెండు రోజుల ప్రయాణంలో ఆ ఖర్చు ఇక్కడ పెట్టి మరొకచోట తగ్గించుకోవడం మంచిది. శనివారాల్లో, యూదుల పండుగ రోజుల్లో మూసి ఉంటుందని మరచిపోవద్దు. వారాంతానికి వచ్చేవారికి ఆదివారం ఒక్కటే మిగులుతుంది. సినగోగ్‌లో మగవారు తల కప్పుకోవాలి. చిన్నపిల్లలను ఇక్కడికి తీసుకురావడం గురించి ముందే ఆలోచించుకోండి, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఈ మూడు గంటలు బరువుగా ఉంటాయి.

చార్లెస్ వంతెన, మాలా స్త్రానా

ఇక్కడ గైడ్ వద్దనే చెబుతాను. 1357లో పునాది పడ్డ ఈ రాతి వంతెన పొడవు 516 మీటర్లు, రెండువైపులా 30 విగ్రహాలు. దాని అందం చూడడానికి కావలసినది వివరణ కాదు, ఖాళీ. పగలు పదింటికి గైడు గొడుగు వెంట వంతెన దాటితే ముందువారి వీపులు తప్ప ఏమీ కనిపించదు. ఉదయం ఆరింటికి వెళ్తే నదిమీద పొగమంచు, ఎదురుగా కోట, పక్కన ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్లు మాత్రమే ఉంటారు. ఏ సంస్థా అమ్మలేని యాత్ర ఇది, పైగా ఉచితం.

వంతెన దిగాక మాలా స్త్రానాలో తోచిన సందులోకి తిరగవచ్చు. నెరుదోవా వీధిలో తలుపుల పైన మూడు వయొలిన్లు, రెండు సూర్యుళ్ళు, బంగారు తాళంచెవి వంటి గుర్తులు చెక్కి ఉంటాయి. 1770లో ఇళ్ళకు నంబర్లు వేయకముందు ఆ గుర్తులే చిరునామాలు. ఇప్పుడు ప్రతి ఇంటికీ ఎర్ర పలక మీద ఒక నంబరు, నీలం పలక మీద మరొకటి కనిపిస్తాయి. వీధిలో వరుసగా వచ్చేది నీలం పలక మీదిది. బస చేసిన చోటు వెతుక్కొనేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది. వాలెన్‌స్టైన్ తోటలో నెమళ్ళు తిరుగుతుంటాయి, ప్రవేశం ఉచితం, చలికాలంలో మూసి ఉంటుంది.

కతోలిక కుటుంబాలకు ఈ పేటలో ప్రత్యేకమైన చోటు ఒకటి ఉంది. కార్మెలిత్‌స్కా వీధిలోని విజయమాత చర్చిలో ఉన్న బాలయేసు స్వరూపం 1628లో కార్మెలైట్ సన్యాసులకు అందినది. బాలయేసు భక్తి మన ప్రాంతపు కతోలికులకు దగ్గరిది, ఫిరంగిపురంలోని బాలయేసు దేవాలయం ఎరిగినవారు ఇక్కడ తప్పక ఆగుతారు. సాధారణ యాత్రల్లో దీనికి ఐదు నిమిషాలకు మించి ఇవ్వరు, పూజ చూడాలన్నా, మౌనంగా కూర్చోవాలన్నా విడిగా రావడమే దారి.

హ్రద్చానీ, కోట

తొమ్మిదవ శతాబ్దం నుంచి పెరుగుతూ వచ్చిన కోట ఇది, దేశాధ్యక్షుడి కార్యాలయం ఇప్పటికీ ఇక్కడే ఉంది. సెయింట్ వైటస్ కతీడ్రల్ పని 1344లో మొదలై 1929లో ముగిసింది. 1618 మే 23న ఇద్దరు రాజప్రతినిధులను, వారి గుమాస్తాను కిటికీలోంచి బయటికి విసిరివేసిన గది పాత రాజభవనంలో ఉంది. యూరప్‌ను కుదిపిన ముప్ఫై ఏళ్ళ యుద్ధానికి నిప్పురవ్వ పడింది అక్కడే. ప్రాంగణాల్లో తిరగడానికి డబ్బు తీసుకోరు, భవనాల లోపలికి టికెట్ కావాలి. ద్వారాల దగ్గర ఒక్కోసారి భద్రతా తనిఖీ ఉండవచ్చు, వేసవిలో జనం ఎక్కువ. మధ్యాహ్నం పన్నెండింటికి సంగీతంతో జరిగే కాపలా మార్పిడి కోసం జనం ఇంకా పెరుగుతారు.

ఇక్కడ గైడ్ కంటే దారే ముఖ్యం. మా అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఎంచుకొన్న యాత్ర పాత పట్టణంలో మొదలై, వంతెన దాటి, నెరుదోవా వీధి గుండా కోటకు ఎక్కేది. వీధి సగానికి వచ్చేసరికి అమ్మ ఒక ఇంటి గడప మీద కూర్చుండిపోయింది. గైడ్ మంచివాడే, కాని వెనక పాతికమంది ఉన్నారు, ఆగలేకపోయాడు. తప్పు నాదే, వాలు గురించి నేను అడగలేదు. మరుసటి రోజు 22వ నంబరు ట్రామ్ ఎక్కి పొహోర్జెలెత్స్ స్టాపులో దిగాము. 1143లో స్థాపించిన స్త్రాహోవ్ మఠం నుంచి మొదలుపెట్టి, 27 గంటలు మోగిస్తూ పాట వినిపించే లొరెతా చర్చి మీదుగా కోటకు వచ్చి, కోట వెనుక మెట్ల గుండా మాలోస్త్రాన్‌స్కా మెట్రో స్టేషనుకు దిగాము. దారంతా కిందికే. మెట్లు దిగడం కూడా కష్టమైనవారు కోట చూశాక ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో మళ్ళీ అదే ట్రామ్ ఎక్కవచ్చు. ట్రామ్ ఎక్కగానే టికెట్‌ను పసుపుపచ్చ యంత్రంలో ముద్ర వేయించుకోవాలి.

కనుక కోటకు గైడును పెట్టుకోదలిస్తే ట్రామ్‌లో పైకి తీసుకువెళ్ళి కిందికి నడిపించే యాత్రనే ఎంచుకోండి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి, 1618 కథను రాజభవనం లోపలే వినాలనుకొనేవారికి గైడ్ విలువ చేస్తాడు. రంగుటద్దాల కిటికీలు, ఊరి దృశ్యం చూస్తే చాలనుకొనేవారికి ఆడియో గైడ్ సరిపోతుంది, దానిని కావలసినచోట ఆపుకొని కూర్చోవచ్చు.

కొత్త పట్టణం

యాత్రికులు అతి తక్కువగా ఎంచుకొనే నడక ఇది, నా దృష్టిలో యోసెఫోవ్ తరువాత స్థానం దీనిదే. వాత్స్లావ్ చౌకు పేరుకు చౌకే గాని నిజానికి 750 మీటర్ల పొడవున్న వెడల్పాటి వీధి, ఒకప్పటి గుర్రాల సంత. ఇప్పుడు హోటళ్ళు, దుస్తుల దుకాణాలు. కాని 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు వచ్చి నిలిచింది ఇక్కడే. ఆ ఆక్రమణకు నిరసనగా యాన్ పలాఖ్ అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి 1969 జనవరి 16న జాతీయ మ్యూజియం ముందు ఒంటికి నిప్పంటించుకొన్నాడు. ఆ చోట నేలలోంచి లేచినట్టున్న సిలువ గుర్తు ఉంది. 1989 నవంబరు 17న కమ్యూనిస్టు పాలనను కదిలించిన విద్యార్థుల ఊరేగింపును పోలీసులు కొట్టిన నారోద్నీ వీధి ఇక్కడికి దగ్గర. తరువాతి రోజుల్లో లక్షలమంది ఈ చౌకునే నింపారు, ఏడాది ముగియకముందే ఆ ఉద్యమ నాయకుడు, నాటకకర్త వాత్స్లావ్ హావెల్ అధ్యక్షుడయ్యాడు.

కొంచెం దూరంలో రెస్లోవా వీధిలో ఒక చర్చి ఉంది. నాజీ అధికారి హైడ్రిక్ మీద 1942 మే 27న దాడి జరిగిన తరువాత, ఆ దాడి చేసినవారితో సహా చెకోస్లొవాక్ పారాట్రూపర్లు ఏడుగురు అందులో దాక్కొన్నారు. జూన్ 18న ముట్టడిలో అందరూ చనిపోయారు. నేలమాళిగ కిటికీ చుట్టూ తూటాల గుర్తులు నేటికీ ఉన్నాయి. నాజీ రహస్య పోలీసుల కేంద్రంగా ఉండిన పేచెక్ భవనం కూడా ఈ పేటలోనిదే. జైలు రాతల ద్వారా మన వామపక్ష సాహిత్య పాఠకులకు చిరపరిచితుడైన జూలియస్ ఫూచిక్‌ను విచారించింది ఆ భవనంలోనే. ఆయన రాతలు చదివిన తరంవారు మీతో ఉంటే, ఆ గోడ ముందు ఒక్క పది నిమిషాలు ఆగండి.

ఈ చోట్లన్నీ మామూలు రోడ్డు పక్కన, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దపు చరిత్ర, కమ్యూనిస్టు పాలనా కాలం అన్న పేర్లతో నడిచే యాత్రలు ఈ దారినే తిప్పుతాయి. గైడ్ వయసు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 1989ని స్వయంగా చూసినవారు చెప్పే మాటకు ఉండే బరువు వేరు. వీలైతే అలాంటివారి యాత్రనే వెతకండి.

విషెహ్రాద్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మెట్రో సి మార్గంలో అదే పేరున్న స్టేషనులో దిగి చదునుగా నడిస్తే పాత కోట గోడలు, నది దృశ్యం, ద్వోర్జాక్, స్మెతానా వంటి సంగీతకారులు శాశ్వతంగా నిద్రించే శ్మశానం. గుంపులుండవు. గైడ్ కోసం వెతకవద్దు.

గైడును ఏ పద్ధతిలో పెట్టుకోవాలి

ఉచితం అని రాసే యాత్రలు నిజానికి టిప్పు మీద నడిచేవి. గైడ్ సంపాదన మీరు చివర ఇచ్చేదే కనుక, రెండు గంటలు విని ఏమీ ఇవ్వకుండా వెళ్ళడం న్యాయం కాదు. ఆ డబ్బు చెక్ కొరునాలలో దగ్గర ఉంచుకోండి, ఈ దేశపు కరెన్సీ యూరో కాదు. ఒంటరిగా వచ్చిన విద్యార్థులకు, ఊరి అమరిక తెలుసుకోవాలనుకొనేవారికి పాత పట్టణంలో ఇది సరైన ఎంపిక. నచ్చకపోతే మధ్యలో వదిలేసి వెళ్ళవచ్చు కూడా. కాని గుంపు పెద్దదైతే గుంపులో గోవిందా అన్నట్టే ఉంటుంది, ప్రశ్న అడిగే అవకాశం రాదు. యోసెఫోవ్‌కు, కోట లోపలికి ఇది పనికిరాదు.

పది పన్నెండు మందికి మించని చిన్న బృందపు యాత్రకు ముందుగా డబ్బు కట్టాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన దంపతులకు, ఇద్దరు ముగ్గురు స్నేహితులకు యోసెఫోవ్, కొత్త పట్టణం రెంటికీ ఇదే మేలు.

కుటుంబానికి మాత్రమే వచ్చే ప్రైవేటు గైడ్ ధర చూడగానే ఎక్కువనిపిస్తుంది. అయితే ఆ ధర సాధారణంగా బృందానికి, తలకు కాదు. ఐదారుగురున్న కుటుంబానికి లెక్కకడితే చిన్న బృందపు యాత్రకు దగ్గరగానే పడుతుంది. అమ్మానాన్నలకు మీరు వాక్యం వాక్యం తెలుగులో చెబుతుంటే గైడ్ ఆగుతాడు, బెంచీ కనిపించినచోట కూర్చోవచ్చు, మరుగుదొడ్డి కోసం దారి మార్చుకోవచ్చు. పెద్దవారితో వెళ్ళేవారికి వేరే సలహా నేను ఇవ్వను.

భోజన యాత్రలు, బీరు యాత్రలు ఈ పోలికలోకి రావు. వాటిలో పెట్టేది ఎక్కువగా మాంసాహారం కనుక శాకాహారులు ముందే అడగడం మంచిది. రాత్రి పది తరువాత గైడుతో బార్లు తిప్పే యాత్రలను నగర పాలకులు 2024లో నిషేధించారు. ఎవరైనా ఇంకా అమ్ముతుంటే దూరంగా ఉండండి.

రెండు రోజులుంటే

శుక్రవారం రాత్రి చేరి ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్ళేవారు శనివారం తెల్లవారుజామున వంతెన మీద, ఉదయం పూట మాలా స్త్రానాలో సొంతంగా నడవండి. మధ్యాహ్నం విశ్రాంతి తీసుకొని, మూడింటికి కొత్త పట్టణం యాత్రలో చేరండి. ఆదివారం ఉదయం యోసెఫోవ్‌కు ప్రవేశం కలిసిన చిన్న బృందపు యాత్ర, ఆ తరువాత పక్కనే ఉన్న పాత పట్టణం చౌకు మీ అంతట మీరు. కోట లోపలి భవనాలు ఈ పథకంలో పట్టవు, వాటిని వదులుకోవలసిందే. దృశ్యం మాత్రం కావాలంటే శనివారం సాయంత్రం 22వ నంబరు ట్రామ్‌లో పైకి వెళ్ళి ప్రాంగణాల్లో తిరిగి రండి, ఆ వేళకు గుంపులు పలచబడి ఉంటాయి.

తల్లిదండ్రులతో వచ్చేవారు వారాంతం కాకుండా వారం మధ్యలో రావడం మేలు. మొదటి రోజు ప్రైవేటు గైడుతో ట్రామ్‌లో పైకెక్కి హ్రద్చానీ నుంచి కిందికి, రెండవ రోజు ఉదయం యోసెఫోవ్, సాయంత్రం విషెహ్రాద్ గోడ మీద నది చూస్తూ కూర్చోవడం. ఆ రోజు మధ్యాహ్నం వారిని ఎక్కడికీ నడిపించకండి.